ఏడో నెంబరు ఐమూల శాలువా

గుమస్తా ఏడో నెంబరు శాలువాని సంచిలోంచి తీసి బల్ల మీద పరిచేసరికి టీచరమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. అందులో సగం తను అల్లిందే.

పరీక్ష పొద్దున పదింటికి మొదలైంది. చేతిపనుల శిక్షణ కేంద్రంలో రెండో క్రోషే టీచరు ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. పద్నాలుగు మంది దరఖాస్తు పెట్టారు. ఒక్కొక్కరూ ఒక శాలువా అల్లి పంపాలి. రంగురంగుల ఊలుతో, ఐమూలగా, ఆరడుగుల పొడవు, సొంతచేత్తో అల్లింది. 'సొంతచేత్తో' అన్న మాట కింద ప్రకటనలో గీత కూడా గీశారు. శాలువాలకు నెంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు. పేర్లున్న కవరు సీలు వేసి బీరువాలో పెట్టారు. మార్కులు వేసేవాళ్ళు ముగ్గురు: కేంద్రం డైరెక్టరు, ఊళ్ళో చేతిపనుల షోరూము నడిపే మేనేజరు, పదకొండేళ్ళుగా అక్కడ క్రోషే నేర్పుతున్న టీచరమ్మ. ముగ్గురిలో సూది పట్టడం వచ్చింది టీచరమ్మకు ఒక్కదానికే.

తొమ్మిదిన్నరకు ఆమె ఒక కాగితం మీద సంతకం పెట్టింది. 'ఈ పోటీలో ఉన్నవారిలో నాకు బంధువులు ఎవరూ లేరు' అని ఆ కాగితంలో ఉంది. చదివే పెట్టింది.

"ఇది చూడండి!" అన్నాడు షోరూము మేనేజరు, ఏడో నెంబరు దగ్గరకు వచ్చి. "ఇది వేరేగా ఉందే!"

వేరేగానే ఉంది. మిగతా పదమూడూ బల్ల మీద తిన్నగా పడుకున్నాయి. ఇది నడుమ మడిచిన మోచెయ్యిలా వంగి ఉంది. ఇటుక రంగు, ఆవపిండి రంగు, ఆకుపచ్చ, నెమలి నీలం, వంగపండు రంగు. ఊలు ఉండలోనే రంగులు ఒకదాంట్లోంచి ఒకటి మారుతూ వచ్చాయి. ఆ ఉండలు ఏ మలుపులో ఏ రంగులోకి దిగుతాయో టీచరమ్మకు తెలుసు. మూడు ఉండలు ఆమె వేళ్ళ మీదుగానే వెళ్ళాయి.

డైరెక్టరు బిస్కెట్టు తింటూ వచ్చాడు. రెండు వేళ్ళతో శాలువా అంచు ఎత్తి చూశాడు. అతను వదిలాక అంచు మీద పొడి మిగిలింది. మూడో నెంబరు మీదా, ఐదో నెంబరు మీదా అలాగే మిగిలింది. ఒక్కో ఆడమనిషి రెండు నెలలు కూర్చుని అల్లిన వస్తువు మీద ఆయన చెయ్యి తుడుచుకుంటున్నాడని పొద్దుటి నుంచీ టీచరమ్మకు రోతగానే ఉంది. ఇప్పుడు ఆ పొడి చూసి ఆమెకు ఏమీ అనిపించలేదు. అంతకన్నా పెద్ద రోత ముందు పరిచి ఉంది.

*

సంగతి ఇదీ. నెలన్నర కిందట ఒక సాయంత్రం తోడికోడలు ఈ శాలువాని ఒడిలో పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. సగం అయింది. కుడిచేతి మణికట్టుకు గుడ్డ చుట్టుకుంది.

"చెల్లీ, చెయ్యి వాచిపోయిందే. సూది పడితే ప్రాణం పోతోంది. అత్తయ్య మోకాళ్ళ మీదకి అని మొదలెట్టాను. మిగతాది నువ్వు వేసి పెట్టవూ?"

"నాది ఎడమచెయ్యి కదక్కా. అల్లిక కలవదు."

హాల్లోంచి అత్తగారు అందుకుంది. "ఎవరే చెయ్యి గొడవెత్తేది? పుర్రచెయ్యో, మంచిచెయ్యో, నా మోకాళ్ళకి కళ్ళున్నాయా ఏంటి చూట్టానికి?"

ముగ్గురూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది. ఆ ఇంట్లో పదిహేనేళ్ళుగా ఆమె పేరు 'పుర్రచెయ్యి'. అత్తగారికి కోపం వచ్చినా అదే పేరు, ముద్దొచ్చినా అదే పేరు.

ఐమూల అల్లిక కష్టం కాదు, కానీ మతిమరుపు పనికిరాదు. ఒక మూలన మూడు కుట్లతో మొదలుపెడతారు. రెండు అంచుల్లోనూ కుట్లు పెంచుకుంటూ పోతే త్రికోణం వస్తుంది. కావలసినంత వెడల్పు రాగానే ఒక అంచులో పెంచుతూ రెండో అంచులో తగ్గిస్తూ పోవాలి. కుట్ల లెక్క మారదు, పట్టీ మాత్రం పక్కకు వాలుతూ పెరుగుతుంది. ఏ అంచులో పెంచాలో, ఏ అంచులో తగ్గించాలో పిల్లలు మరిచిపోకుండా టీచరమ్మ తరగతిలో ఒక సూత్రం చెప్పేది. 'అల్లిక ముఖం నీ వైపు ఉంటే మొదట పెంచు, చివర తగ్గించు. వెనక వైపుంటే మొదట తగ్గించు, చివర పెంచు.' పదకొండేళ్ళు చెప్పి చెప్పి అది ఆమెకు ఊపిరిలా అయిపోయింది.

అక్కడే దెబ్బతింది. కుడిచేతివాళ్ళు కుడి నుంచి ఎడమకు అల్లుతారు. వరస అయ్యాక అల్లికను తిప్పి, మళ్ళీ కుడి నుంచి మొదలుపెడతారు. తోడికోడలు ముఖం వైపు వరస పూర్తిచేసి ఎడమ అంచున ఆపింది. టీచరమ్మ ఎడమ నుంచి కుడికి అల్లుతుంది కాబట్టి తిప్పే పని లేకుండా అక్కణ్ణించే అందుకుంది. ముఖం తన వైపే ఉంది. నోరు సూత్రం చెప్పింది, చెయ్యి పెంచింది. అప్పటిదాకా తగ్గుతూ వచ్చిన అంచు అది. ఆ వరస నుంచి పెరిగే అంచు తగ్గడం, తగ్గే అంచు పెరగడం మొదలైంది. కుడిచేతి పనిని ఎడమచేత్తో అందుకున్న మనిషికి, అందులోనూ ఆ సూత్రాన్ని పదకొండేళ్ళు వల్లించిన మనిషికి తప్ప ఇంకెవరికీ రాని తప్పు అది.

తొమ్మిదో సాయంత్రం శాలువాని నేల మీద పరిస్తే గానీ కనబడలేదు. ఇటు సగం ఒక దిక్కుకు, అటు సగం ఇంకో దిక్కుకు. "అయ్యో, వంకర పోయింది" అని టీచరమ్మ విప్పడానికి సూది తీసింది. తోడికోడలు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"విప్పకు తల్లీ, నీకు పుణ్యముంటుంది. మోకాళ్ళ మీదకే కదా, ఎవరు చూస్తారు?"

అత్తగారు దాన్ని కాళ్ళ మీద వేసుకు చూసి, "బాగుందే సంబడం. ఒక మోకాలు లోపల, ఒక మోకాలు బయట" అంది. అందరికన్నా ఎక్కువగా తోడికోడలే నవ్వింది.

ఇంకో తొమ్మిది సాయంత్రాలు. కేంద్రం నుంచి ఆరింటికి వచ్చి, కూర పొయ్యి మీద పడేసి, అది ఉడికేలోపు నాలుగు వరసలు. కూర దించి, అన్నం వార్చి, ఇంకో ఆరు వరసలు. చివరి మూల ముడి వేసి అత్తగారి ఒడిలో పెట్టింది. రెండు రోజులు ఆ ఒడిలో కనబడింది. మూడో రోజు లేదు. అడిగితే ఉతికి ఆరేశామన్నారు. ఇది మూడు వారాల కిందటి మాట. మూడు వారాలు ఆరే శాలువా ఎక్కడైనా ఉంటుందా అని ఆమెకు అప్పుడు తట్టలేదు. తడితే మాత్రం ఎవరిని అనుమానించాలి? ఇంట్లో మనుషులనా?

దరఖాస్తుల గడువు ముగిసింది కూడా మూడు వారాల కిందటే. విప్పకు తల్లీ అన్నది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. విప్పితే గడువు దాటిపోతుంది.

*

షోరూము మేనేజరు గుమస్తాని పిలిచి నిటారుగా నిలబెట్టాడు. ఏడో నెంబరు శాలువాని అతని భుజాల మీద వేశాడు. శాలువా వంపు సరిగ్గా మెడ వెనక కూర్చుంది. రెండు కొసలూ ఛాతీ మీదకు వచ్చాయి.

"నడువయ్యా!"

గుమస్తా కిటికీ దాకా నడిచి వచ్చాడు. పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టుంది అతని మొహం.

"జారట్లేదు, చూశారా? పిన్నీసు అక్కర్లేదు, ముడి అక్కర్లేదు. ఇన్నేళ్ళ నుంచి శాలువాలు అమ్ముతున్నాను, అన్నీ జారతాయనే గొడవ. దీని బుర్రే బుర్ర! ఎవరోగానీ మెడ కొలత తీసి మరీ మలుపు తిప్పింది."

"అద్భుతం," అన్నాడు డైరెక్టరు. గడియారం చూసుకున్నాడు. "పదికి పది. టీచరమ్మా, మీరు?"

టీచరమ్మ కాగితంలో ఏడో గడి ఖాళీగా ఉంది. పదకొండో నెంబరు గడిలో ఎనిమిదిన్నర ఉంది. అది పసుపు, తెలుపు, బూడిద రంగు. అంచు కాస్త బిగిసింది గానీ మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా ఒకే చెయ్యి. అల్లినామె ఎవరో తెలియదు. ఏడు లేకపోతే ఉద్యోగం ఆమెది.

ఊరుకుంటే ఏమవుతుందో టీచరమ్మ ఆలోచించింది. తను అల్లిన శాలువాకు తనే మార్కులు వేసి, తన తప్పును తనే మెచ్చుకుని, తను సంతకం పెట్టిన కాగితాన్ని అబద్ధం చేసి ఇంటికి వెళుతుంది. రేపటి నుంచి తోడికోడలు పక్క గదిలో ఐమూల అల్లిక నేర్పుతుంది. మాట్లాడితే ఏమవుతుందో కూడా ఆలోచించింది. అదే ఇంటికి వెళ్ళాలి. కక్కలేని, మింగలేని ముద్ద. కానీ ముద్ద పాచిపోయిందని నాలుక చెప్పాక ఎంతసేపు నోట్లో పెట్టుకుంటుంది మనిషి?

"అది మలుపు కాదండీ. తప్పు," అంది.

"తప్పా?"

టీచరమ్మ గుమస్తా భుజాల మీంచి శాలువా తీసి బల్ల మీద పరిచి, వంపు దగ్గర వేలు పెట్టింది. "వరస వరసకీ అల్లిక తిప్పుతాం. అందుకని ఒక వరస ముఖం కనబడితే దాని పక్క వరస వీపు కనబడాలి. ఇక్కడ చూడండి. ముఖం పక్కన ముఖం. ఇక్కడ తిప్పలేదు. ఇక్కణ్ణించి కింద కుడిచేతి పని. పైన ఎడమచేతి పని. ఇద్దరు అల్లారు. రెండో మనిషి ఏ అంచు పెంచాలో మరిచిపోయి తప్పు అంచు పెంచింది. అందుకే వంకర పోయింది."

మేనేజరు కళ్ళజోడు పైకి తోసి వంగి చూశాడు. "నిజమే. ముఖం పక్కన ముఖం. మీకెలా దొరికిందండీ ఇది?"

"నేను వెతకలేదు. రెండో మనిషిని నేనే."

డైరెక్టరు నోట్లో బిస్కెట్టు నమలడం ఆపాడు. టీచరమ్మ మొత్తం చెప్పింది. మోకాళ్ళ మాట, మణికట్టు గుడ్డ, పద్దెనిమిది సాయంత్రాలు. చెప్పడానికి మూడు నిమిషాలు పట్టింది. చెబుతుంటే తన ఇంట్లోని మురికి గుడ్డలు పరాయి మగవాళ్ళ ముందు దండెం మీద ఆరేస్తున్నట్టుంది ఆమెకు.

ముందు గదిలో ఫలితం కోసం కూర్చున్న దరఖాస్తుదారులు వినకుండా డైరెక్టరు తలుపు మూశాడు. వచ్చి కూర్చుని చేతులు రుద్దుకున్నాడు.

"టీచరమ్మా, ఒక మాట. లోకంలో ఎవరైనా తమవాళ్ళని లోపలికి లాక్కుంటారు. బయటికి తోసేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నాను."

"నేను సంతకం పెట్టాను సార్, బంధువులు లేరని."

"ఆ కాగితం ఇంకా ఫైల్లోకి ఎక్కలేదు. చింపేద్దాం. 'ఏడో నెంబరు నా బంధువు, నేను మార్కులు వెయ్యలేదు' అని ఇంకోటి రాయండి. మీకు మచ్చ లేదు. మార్కులు మేమిద్దరం వేస్తాం. శాలువా బాగుంది, మీ ఇంట్లో ఇంకో ఉద్యోగం. ఎవరికి నష్టం?"

"పదకొండో నెంబరుకి."

"ఆవిడెవరో మీకు తెలుసా?"

"తెలీదు."

"మరింకేం?"

మేనేజరు జేబులోంచి ఫోను తీసి శాలువా ఫోటోలు తీశాడు. ముందు మొత్తం, తర్వాత వంపు, తర్వాత వంపు దగ్గర కుట్లు. "ఏం లేదు, ఊరికే" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

టీచరమ్మ ఇద్దరినీ చూసింది. ఒకడు తప్పును జేబులో వేసుకున్నాడు, ఇంకొకడు దొంగతనాన్ని దస్త్రంలో వేస్తానంటున్నాడు. ఆయన చెప్పినట్టు కొత్త కాగితం రాస్తే తన చేతులు కడుక్కున్నట్టే. కానీ తన చేతులు చేసిన పని బల్ల మీదే ఉండిపోతుంది. ఉద్యోగం దానికే వస్తుంది. ఆమె బయటకు వెళ్ళి నిలబడ్డా, మార్కులు తెచ్చేది ఆమె చెయ్యే.

"కాగితం రాస్తాను. మార్కులు మీరే వెయ్యండి," అంది. "కానీ ఆవిడ అల్లినదానికి వెయ్యండి."

చివరి మూల వెతికి, ముడి కత్తిరించి, దారం పట్టుకుని లాగింది.

"ఏయ్, ఏం చేస్తున్నారు టీచరమ్మా! అది పరీక్ష వస్తువు!"

"నా సగమే సార్. ఆవిడ కుట్టు ఒక్కటి కూడా ముట్టను."

క్రోషే అల్లికలో ఒక సుగుణం ఉంది. చివరి కుట్టు వదిలితే మిగతావన్నీ వరసగా చెప్పినట్టు వింటాయి. నెమలి నీలం వచ్చింది, ఆకుపచ్చ వచ్చింది. మేనేజరు కుర్చీలో కూలబడి, "అయ్యయ్యో, అయ్యయ్యో" అంటున్నాడు, ఎవరో పోయినట్టు. డైరెక్టరు ఒకసారి దారం పట్టుకోబోయాడు. టీచరమ్మ అతని వేళ్ళకేసి చూసింది. ఆ చూపుకు వేళ్ళు వెనక్కి వెళ్ళాయి. గుమస్తా మాత్రం అడక్కుండానే ఎదురుగా నిలబడి, రెండు చేతులూ చాచి ఊలు చుట్టించుకున్నాడు.

ఇరవై రెండు నిమిషాలు పట్టింది. వంపు పోయింది. ముఖం పక్కన ముఖం ఉన్న వరస కూడా పోయింది. బల్ల మీద మూడడుగుల ముక్క మిగిలింది, ఒక చివర మూలతో, ఇంకో చివర ఏటవాలుగా తెరుచుకుని. టీచరమ్మ దాని మీద అరచెయ్యి వేసి నిమిరింది. కుట్లు సమానంగా ఉన్నాయి. అంచు బిగిసిందీ లేదు, వదులైందీ లేదు. నిజం చెప్పాలంటే పదకొండో నెంబరు కన్నా ఒక పిసరు మెరుగే.

అది చూశాకే ఆమెకు నిజంగా వెగటు పుట్టింది. చేతకానివాళ్ళు దొంగిలిస్తే జాలి అన్నా పడొచ్చు.

*

"ఆవిడనే పిలవండి. ఏం చెబుతుందో విందాం," అన్నాడు డైరెక్టరు. భారం ఇంకొకరి నెత్తిన పెట్టడంలో ఆయనకు ఆరితేరిన చెయ్యి.

తోడికోడలు లోపలికి వచ్చింది. మగవాళ్ళిద్దరికీ నమస్కారం పెట్టింది. టీచరమ్మ వైపు తిరిగి, ఎప్పుడూ చూడని మనిషికి పెట్టినట్టు ఇంకో నమస్కారం పెట్టి, "నమస్తే మేడమ్" అంది.

పొద్దున ఏడింటికి ఈ మనిషే వంటింట్లో 'చెల్లీ, ఉప్పు ఎక్కడ పెట్టావే' అని అరిచింది. టీచరమ్మ ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టయింది.

తర్వాత తోడికోడలు బల్లకేసి చూసింది.

"అయ్యో! నా శాలువా! ఎవరు విప్పారండీ?"

"అల్లినవాళ్ళే," అంది టీచరమ్మ.

గుమస్తా చేతుల మీద ఊలు అలాగే ఉంది.

మేనేజరు గొంతు సవరించుకుని, "ఏం లేదమ్మా, ఒక్క వరస అల్లి చూపించండి" అన్నాడు.

తోడికోడలు కూర్చుంది. సూది అందుకుంది. కుడిచేత్తో, ముక్క చివర నుంచి, అరవై కుట్ల వరస నాలుగు నిమిషాల్లో పూర్తిచేసింది. మొదట తగ్గించింది, చివర పెంచింది. సూది ఎక్కడా తడబడలేదు. మణికట్టు దారం మీద నీళ్ళలో చేపలా తిరిగింది.

"వాపు తగ్గిందా అక్కా?" అంది టీచరమ్మ.

తోడికోడలు సూది కింద పెట్టింది. ఇక మేడమ్ గీడమ్ లేదు.

"తగ్గితే ఏంటి, తగ్గకపోతే ఏంటి? నాకు టైము సరిపోలేదు. గడువు దగ్గరపడింది. నువ్వెలాగూ సాయంత్రాలు ఊరికేనే కూర్చుంటావుగా, ఓ చెయ్యి వేస్తావనుకున్నాను."

"నేను ఊరికే కూర్చోవడం నువ్వెప్పుడు చూశావు?"

"ఓ, పెద్ద కష్టం! అల్లికేగా చేసింది, బండరాళ్ళు మొయ్యలేదుగా!"

"ఉద్యోగానికని చెప్పి అడిగితే?"

"చెబితే చేసేదానివా? సంతకాలు, సత్యాలు అంటూ కూర్చునేదానివి. మా పుట్టింటి పేరుతో దరఖాస్తు పెట్టాను, నీకు ఇబ్బంది లేకుండా. నువ్వు బల్లకి అవతల ఉంటావని తెలిసే పెట్టాను. నా పీక నువ్వు కొయ్యవనుకున్నాను."

"అదేనక్కా. నేను నోరు మూసుకుంటానని నువ్వే అనుకున్నావు. నన్ను అడగలేదు."

"అడగాలా? ఇంటి మనిషివేనా నువ్వసలు?"

టీచరమ్మ పొద్దుటి కాగితం ముందుకు లాక్కుని, 'ఎవరూ లేరు' అన్న మాటల మీద గీత కొట్టి, కింద రాసింది: 'ఏడో నెంబరు నా తోడికోడలు. ఆమె తెచ్చిన శాలువాలో సగం నేను అల్లాను. ఆ సగం నేనే విప్పాను. ఈ పోటీలో ఇక నేను మార్కులు వెయ్యను.' తేదీ వేసి, సంతకం చేసి, కాగితం డైరెక్టరు ముందు పెట్టింది. ఆయన దాన్ని వేలి కొసతో తాకి వదిలేశాడు, తడిగా ఉందేమో అన్నట్టు. లేస్తూ ఆమె గుమస్తా చేతుల మీది ఊలు తీసి తోడికోడలి ఒడిలో పెట్టింది.

ముందు గదిలో పదమూడు మంది ఆడవాళ్ళు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. టీచరమ్మ వాళ్ళ మొహాలు చూడకుండా దాటిపోయింది.

*

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి సంగతి ఆమె కన్నా ముందే చేరింది. తోడికోడలి గది తలుపు వేసి ఉంది. హాల్లో భర్త టీవీ చూస్తున్నాడు, శబ్దం లేకుండా. అత్తగారు కుర్చీలో ఉంది.

"వచ్చావా హరిశ్చంద్రుడి అప్పగారూ," అంది అత్తగారు.

టీచరమ్మ సంచి గోడకు తగిలించింది.

"నలుగురు మగాళ్ళలో దాని పరువు తీసొచ్చావు కదే. ఇంట్లో అడగడానికేం వచ్చింది?"

"ముగ్గురు," అంది టీచరమ్మ. "ఇంట్లో ఎవర్ని అడగాలి అత్తయ్యా? మీ మోకాళ్ళనా?"

అత్తగారు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "నేనేం చేశానే? శాలువా కాళ్ళ మీద వేసుకోమంది, వేసుకున్నాను. నీకు చెప్పొద్దంది, చెప్పలేదు."

టీచరమ్మ భర్త వైపు తిరిగింది. అతను టీవీలోంచి కళ్ళు తీయలేదు. తీయకపోవడంలోనే జవాబు ఉంది. పద్దెనిమిది సాయంత్రాలు ఆమె అల్లుతుంటే ఈ హాల్లో ముగ్గురు మనుషులు ఎదురుగా కూర్చుని చూశారు. ఆ శాలువా ఎటు పోతుందో ముగ్గురికీ తెలుసు. 'నీ భార్య చెయ్యి భలే చురుకురా' అని అత్తగారు ఒకరోజు మెచ్చుకుంది కూడా. ఆ మెచ్చుకోలు ఇప్పుడు ఉమ్ములా మీద పడ్డట్టుంది.

"మీక్కూడా తెలుసా?"

"ఇంట్లోకి ఇంకో జీతం వస్తుందనుకున్నాం," అన్నాడు భర్త. "నిన్నేమన్నా చంపామా? వదిన అడిగింది, ఊరుకున్నాను. రేపట్నుంచి మీరిద్దరూ ఒకే వంటింట్లో ఎలా తిరుగుతారు? అది ఆలోచించావా?"

"మీరు ఆలోచించారా?"

అతను టీవీ శబ్దం పెంచాడు.

ఫోను మోగింది. గుమస్తా. గొంతు తగ్గించి మాట్లాడాడు. "అమ్మా, పదకొండో నెంబరావిడకి ఇచ్చారండీ. ఇద్దరు పిల్లల తల్లట, ఏడ్చేసిందండీ. ఇంకోటమ్మా... పరీక్ష వస్తువు పాడుచేశారని మీకు మెమో టైపు చెయ్యమన్నారు. రేపు ఇస్తాను. తప్పుగా అనుకోకండి."

"టైపు చెయ్యి నాయనా. అక్షరాలు తప్పుల్లేకుండా చూడు."

"ఇంకా... ఆ షోరూము ఆయన నన్ను పక్కకి పిలిచి, ఆ వంపు ఎక్కడ తిప్పాలో మీ దగ్గర రాయించుకు రమ్మన్నాడండీ. వంద శాలువాలు చేయిస్తాడట."

టీచరమ్మకు నవ్వు వచ్చింది, వాంతి వచ్చేటప్పుడు వచ్చే వెక్కులా. "తప్పు చెయ్యడం నేర్పేదాన్ని కాదని చెప్పు" అని ఫోను పెట్టేసింది.

వంటింట్లోకి వెళ్ళి అన్నం వండింది. ఇంట్లో అందరికీ వండింది, చెయ్యి అలవాటు. తను ముందుగా ఎప్పుడూ తినలేదు. ఆ రోజు నేల మీద కూర్చుని ముందు తనే తిన్నది. అన్నంలో రుచి లేదు గానీ ఆకలి ఉంది.

హాల్లోంచి అత్తగారి గొంతు వచ్చింది, ఏమీ జరగనట్టు. "ఏమేవ్, ఆ ఊలు పారేశావా, తెచ్చావా? తెస్తే ఈసారి నిజంగానే నాకొకటి అల్లవే. చలిగా ఉంటోంది."

"ఊలు మీ పెద్ద కోడలి దగ్గరే ఉంది అత్తయ్యా," అంది టీచరమ్మ. "ఆవిణ్ణే అల్లమనండి. చెయ్యి బాగానే ఉంది. ఇవాళ చూశాను."

పక్క గది తలుపు అవతల మంచం కిర్రుమంది.

ఆమె లేచి, తన కంచం ఒక్కటే కడిగి, బోర్లించి, వంటింటి దీపం వెలుగుతుండగానే తన గదిలోకి వెళ్ళింది.